విడిపోయాక పిల్లలు ఎవరి దగ్గర? హైదరాబాద్‌లో కస్టడీ, విజిటేషన్ మీద తరచుగా అడిగే ప్రశ్నలు

కస్టడీ గురించి అడిగేవాళ్లు రెండు రకాలు. కేసు వేయకముందు వచ్చేవాళ్లు "నాకొస్తుందా రాదా" అంటారు, ఆర్డర్ చేతికొచ్చాక వచ్చేవాళ్లు "వచ్చింది గానీ అమలు కావట్లేదు" అంటారు. ఈ రెండో రకం వాళ్ల పరేషానే ఎక్కువ, ఎందుకంటే ఆర్డర్ తెరిచి చూస్తే "తండ్రి నెలకి రెండుసార్లు చూడవచ్చు" అని ఒక్క లైన్ ఉంటుంది. ఎక్కడ, ఎన్నింటికి, ఎవరు దింపాలి, పండక్కి సంగతేంటి, ఏమీ ఉండదు. అందుకే కింద చట్టం గురించి అవసరమైనంత చెప్పి, కాగితం మీద ఏం రాయించుకోవాలన్న దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాం. ఇది అవగాహన కోసం మాత్రమే, మీ కేసు వివరాలు చూసి మీ లాయర్ చెప్పేదే మీకు లెక్క.

కస్టడీ, గార్డియన్‌షిప్ రెండూ ఒకటేనా?

కాదు. కస్టడీ అంటే పాప రోజూ ఎవరింట్లో ఉంటుంది, పొద్దున ఎవరు జడేస్తారు, రాత్రి జ్వరమొస్తే ఎవరు లేస్తారు, అది. గార్డియన్‌షిప్ అంటే మైనర్ తరఫున నిర్ణయాలు తీసుకునే, సంతకాలు పెట్టే హక్కు, ఆస్తి వ్యవహారాలతో సహా. హిందువులకి వర్తించే 1956 నాటి హిందూ మైనారిటీ అండ్ గార్డియన్‌షిప్ యాక్ట్ సెక్షన్ 6లో నేచురల్ గార్డియన్ తండ్రి, ఆయన తర్వాత తల్లి అని ఉంది, దీన్ని పట్టుకుని తండ్రి బతికుంటే తల్లి సంతకం చెల్లదనేవాళ్లు. 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు అది కుదరదని, తండ్రి అందుబాటులో లేకపోయినా పిల్లల్ని పట్టించుకోకపోయినా ఆయన బతికుండగానే తల్లి గార్డియన్‌గా ఉండొచ్చని చెప్పింది. ఇప్పటికీ కొన్ని బ్యాంకుల్లో, స్కూళ్లలో "ఫాదర్ సైన్ ఎక్కడమ్మా" అని అడుగుతూనే ఉంటారు, అది వేరే సంగతి.

చిన్నపిల్లలైతే కచ్చితంగా తల్లికే ఇస్తారంట కదా?

అయిదేళ్ల లోపు పిల్లల కస్టడీ మామూలుగా తల్లికే ఉండాలని అదే సెక్షన్ 6లో ఉంది. మామూలుగా అన్నారు గానీ ప్రతిసారీ అనలేదు, తల్లి దగ్గర ఉంటే బిడ్డకి నష్టమని తండ్రి రుజువు చేయగలిగితే కోర్టు వేరేలా ఆలోచిస్తుంది, కాకపోతే ఆ రుజువు చేసే బరువు ఆయన మీదే పడుతుంది. ఇక అయిదు నిండగానే ఆటోమేటిక్‌గా తండ్రికి వెళ్లిపోతారని కొంతమంది బర్త్‌డే కోసం క్యాలెండర్ చూసుకుంటూ కూర్చుంటారు. అలా ఏమీ లేదు.

మరి కోర్టు ఏం చూసి ఇస్తుంది? జీతం ఎక్కువున్నవాళ్లకేనా?

పిల్లల సంక్షేమమే అన్నిటికంటే పైన అని పైన చెప్పిన 1956 చట్టం సెక్షన్ 13లో రాసుంది, 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ యాక్ట్ సెక్షన్ 17లో పిల్లల వయసు, ఆడా మగా, మతం, అడిగేవాళ్ల నడవడిక, స్తోమత ఇవన్నీ చూడాలని ఉంది. జీతం ఎక్కువున్నంత మాత్రాన గెలవరు, ఎందుకంటే డబ్బు లోటుంటే మెయింటెనెన్స్ (పోషణ ఖర్చు) రూపంలో ఇప్పించొచ్చు, అమ్మానాన్నల టైం అలా ఇప్పించలేరు. తల్లి ఉద్యోగం చేస్తోందని, నైట్ షిఫ్ట్ ఉందని, మళ్లీ పెళ్లి చేసుకుందని, ఒక్క ఆ కారణంతోనే కస్టడీ పోదు. తల్లి రెండో పెళ్లి అడ్డం కాదని 2006లో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు కూడా ఉంది.

ఎదుటివాళ్ల తప్పుల చిట్టా రాయడం మీద పెట్టే శ్రద్ధ మీరు రోజూ చేసే పనులకి కాగితాలు కూడబెట్టడం మీద పెట్టండి. టీకాల కార్డు మీద ఎవరి ఫోన్ నంబర్ ఉంది, స్కూల్ డైరీలో ఎవరి సంతకాలున్నాయి, పేరెంట్స్ మీటింగ్‌కి ఎవరు వెళ్లారు, ఫీజు రసీదులు, పిల్లల డాక్టర్ రాసిన చీటీలు. కోర్టులో "మీ అబ్బాయి క్లాస్ టీచర్ పేరేంటి" అని అడిగితే నీళ్లు నమిలితే, ప్యాకేజీ ఎన్ని లక్షలున్నా లాభం లేదు.

పిల్లల్ని అడుగుతారా? ఏ వయసు నుంచి?

ఇంత వయసు అని చట్టంలో లేదు. తెలివిగా తన ఇష్టం చెప్పగలిగే వయసుంటే ఆ మాట పరిగణనలోకి తీసుకోవచ్చని ఉంది, దాన్నే తప్పకుండా పాటించాలని లేదు. మామూలుగా జడ్జిగారు ఛాంబర్‌లోకి పిలిచి, అమ్మానాన్నల్ని బయట ఉంచి, స్కూల్ గురించీ ఫ్రెండ్స్ గురించీ మాట్లాడుతూ విషయం రాబడతారు. ముందు రోజు రాత్రి కూర్చోబెట్టి నేర్పించిన డైలాగులు ఇట్టే దొరికిపోతాయి, ఎనిమిదేళ్ల పిల్లాడు "మా నాన్న బాధ్యతారాహిత్యంగా ప్రవర్తించారు" అంటే అది ఎవరి మాటో ఎవరికి తెలీదు? పిల్లల మనసు విరిచి ఒక పేరెంట్‌కి దూరం చేయడాన్ని కోర్టులు సీరియస్‌గానే తీసుకుంటున్నాయి, 2017లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో దాని గురించి ప్రత్యేకంగా చెప్పింది.

ముస్లిం, క్రిస్టియన్ కుటుంబాలకి వేరే రూల్స్ ఉన్నాయా?

హనఫీ పద్ధతిలో మగపిల్లాడు ఏడేళ్ల వరకు, ఆడపిల్ల యుక్తవయసు వచ్చేదాకా తల్లి దగ్గర ఉండాలంటారు, దాన్ని హిజానత్ అంటారు. క్రిస్టియన్లకి 1869 డైవోర్స్ యాక్ట్, స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద రిజిస్టర్ పెళ్లి చేసుకున్నవాళ్లకి ఆ 1954 చట్టం ఉన్నాయి. 1890 చట్టం మాత్రం అన్ని మతాలకీ వర్తిస్తుంది, చివరికి ఎవరి కేసులోనైనా బిడ్డ సంక్షేమం దగ్గరికే వచ్చి ఆగుతుంది.

కేసు ఎక్కడ వేయాలి? మా పెళ్లి వరంగల్‌లో అయింది, ఆయన మియాపూర్‌లో ఉంటాడు, నేను పిల్లాడితో మలక్‌పేటలో ఉంటున్నా.

పెళ్లి ఎక్కడైందన్నది విడాకుల కేసుకి పనికొస్తుంది. కస్టడీ ఒక్కటే వేస్తే 1890 చట్టం సెక్షన్ 9 ప్రకారం పిల్లలు మామూలుగా ఎక్కడ ఉంటున్నారో ఆ ఏరియా కోర్టే. సిటీ పరిధిలో ఉంటే పురానీ హవేలీలోని ఫ్యామిలీ కోర్టు గుర్తుంటుంది అందరికీ, రంగారెడ్డి జిల్లా వైపుంటే ఎల్బీనగర్ కోర్టులు, మీ ఇల్లు ఎవరి పరిధిలోకి వస్తుందో లాయర్‌తో పక్కాగా చూసుకోండి, తప్పు కోర్టులో వేస్తే పిటిషన్ వెనక్కిచ్చేసరికి నెలలు పోతాయి. విడాకుల కేసు ఇప్పటికే నడుస్తుంటే వేరేగా వేయక్కర్లేదు, హిందూ మ్యారేజ్ యాక్ట్ సెక్షన్ 26 కింద అందులోనే కస్టడీ, చదువు, ఖర్చులు అడగొచ్చు.

కేసు తేలడానికి ఏళ్లు పడుతుందంట, అప్పటిదాకా నా బిడ్డని చూడకూడదా?

చూడొచ్చు, అడగాలి. మెయిన్ పిటిషన్‌తో పాటే మధ్యంతర కస్టడీకో విజిటేషన్‌కో (అంటే బిడ్డని కలిసే వీలుకో) ఒక ఐఏ, అంటే మధ్యంతర దరఖాస్తు, వేయించండి. ఇది వేయకుండా "ముందు కౌన్సెలింగ్ అవనీ, తర్వాత చూద్దాం" అని ఆగిపోయినవాళ్లు ఏడాది తిరిగేసరికి బిడ్డకి కొత్తవాళ్లయిపోతారు, ఇక అప్పుడు ఎదుటి లాయర్ లేచి "పాప ఆయన్ని గుర్తుపట్టట్లేదు మీ ఆనర్" అంటాడు. రాజీ ప్రయత్నం చేయడం ఫ్యామిలీ కోర్టు బాధ్యత కాబట్టి కౌన్సెలింగ్‌కి ఎలాగూ పిలుస్తారు, రెండూ పక్కపక్కనే నడుస్తాయి, ఒకదాని కోసం ఇంకోటి ఆపాల్సిన పని లేదు.

విజిటేషన్ ఆర్డర్‌లో ఏమేం ఉండాలి?

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే అని మా అభిప్రాయం. కస్టడీ ఎవరికొచ్చిందన్న దాని మీద ఇద్దరూ లక్షలు తగలేస్తారు, రోజూ బతకాల్సిన షెడ్యూల్ మాత్రం లంచ్ బ్రేక్‌లో లాయర్లిద్దరూ కారిడార్‌లో నిలబడి అయిదు నిమిషాల్లో రాసేస్తారు. కింద ఉన్న మాదిరి చూడండి, ఇంత విడమరిచి ఉండాలి:

"ప్రతి నెలా రెండో, నాలుగో శనివారం ఉదయం 10 గంటలకు తండ్రి, తల్లి ఉంటున్న అపార్ట్‌మెంట్ గేటు దగ్గర బాబును తీసుకుంటారు. ఆదివారం సాయంత్రం 6 గంటలకు అదే గేటు దగ్గర దింపుతారు. అరగంటకు మించి ఆలస్యమైతే ముందే మెసేజ్ పెట్టాలి. బాబుకు ఒంట్లో బాగాలేకపోతే డాక్టర్ చీటీ ఫోటో పంపి, బదులుగా తర్వాతి శనివారం ఇవ్వాలి. దసరా సెలవులు సగం సగం, పండగ రోజు సరి సంవత్సరాల్లో తల్లి దగ్గర, బేసి సంవత్సరాల్లో తండ్రి దగ్గర. సంక్రాంతికి దీనికి రివర్స్. ఎండాకాలం సెలవుల్లో మొదటి 20 రోజులు తండ్రి దగ్గర. పుట్టినరోజు ఎవరి దగ్గరున్నా, రెండో వారికి ఆ సాయంత్రం రెండు గంటలు."

చదవడానికి చాదస్తంగా ఉంటుంది, నిజమే. కానీ తెలంగాణలో దసరా సెలవులు బతుకమ్మతో కలిపి ఎక్కువ రోజులుంటాయి, సద్దుల బతుకమ్మ రోజు పాప అమ్మమ్మ వాళ్లింట్లో ఉండాలా నానమ్మ వాళ్లింట్లో ఉండాలా అన్న ఒక్క దాని మీద రెండు కుటుంబాలూ ఎలా లొల్లి పెట్టుకుంటాయో చూసినవాళ్లకి ఈ చాదస్తం విలువ తెలుస్తుంది. ఎవరు తీసుకురావచ్చో కూడా రాయించండి, తండ్రే రావాలా, బాబాయ్ వచ్చినా ఇవ్వాలా, డ్రైవర్‌ని పంపితే? ఇవి రాయకపోతే గేటు దగ్గర వాచ్‌మన్ ముందు తేల్చుకోవాల్సి వస్తుంది.

చోటు విషయం. ఇద్దరికీ ఒకరి ఇంటికి ఒకరు వెళ్లడం కుదరకపోతే మధ్యలో ఎక్కడైనా పెట్టుకోండి. ఒకళ్లు కూకట్‌పల్లి ఒకళ్లు ఎల్బీనగర్ అయితే రెండూ ఒకే మెట్రో లైన్ మీదున్నాయి, అమీర్‌పేట స్టేషన్‌లో ఫలానా గేటు దగ్గర అనుకుంటే సాయంత్రం ట్రాఫిక్‌లో ఇరుక్కుని "నువ్వు గంట లేటు" అన్న గొడవే ఉండదు. మాల్‌లో రెండు గంటలు అని మాత్రం ఒప్పుకోకండి, మరీ వేరే దారి లేకపోతే తప్ప. ఫుడ్ కోర్ట్‌లో నాన్న ఒకవైపు, రెండు టేబుళ్ల అవతల అమ్మ వైపు వాళ్లు కాపలా, మధ్యలో చల్లారిపోతున్న ఫ్రెంచ్ ఫ్రైస్ ముందు పెట్టుకుని ఆరేళ్ల పాప ఎవరి వైపు చూడాలో తెలీక ఫోన్‌లో తలదూర్చేస్తుంది. దాన్ని కలవడం అనలేం.

బ్యాగ్ సంగతి కూడా మాట్లాడుకోండి. కళ్లద్దాలు, ఇన్‌హేలర్ ఉంటే ఇన్‌హేలర్, హోంవర్క్ పుస్తకాలు, స్కూల్ ఐడీ కార్డు. ఆదివారం దింపాక "ఐడీ కార్డు మీ ఇంట్లోనే ఉండిపోయింది" అని రాత్రి పదింటికి మొదలయ్యే మెసేజ్‌లు పొద్దున బస్సెక్కేదాకా సాగుతాయి.

వీడియో కాల్స్ అడగొచ్చా?

అడగండి, తప్పకుండా రాయించండి. 2020లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో, పిల్లలు దగ్గర లేని పేరెంట్‌కి రోజూ 5 నుంచి 10 నిమిషాలు వీడియో కాల్‌లో మాట్లాడే వీలుండాలని చెప్పింది, వేరే ఊళ్లో, వేరే దేశంలో ఉన్నవాళ్లకి ఇదే ఆధారం. టైం రాయండి, ఏ ఫోన్‌కో రాయండి. స్పీకర్‌లో పెట్టి పక్కన కూర్చుని ప్రాంప్టింగ్ ఇవ్వడం, కాల్‌లో "మీ అమ్మ ఎక్కడికెళ్లింది, ఎవరొచ్చారు" అని సీఐడీ పని చేయడం, రెండూ వద్దు.

ఆర్డర్ ఉంది, అయినా పంపట్లేదు. పోలీస్ స్టేషన్‌కి వెళ్లాలా?

వెళ్తే ఎక్కువసార్లు "ఇది సివిల్ మ్యాటర్, కోర్టులో చూసుకోండి" అంటారు. ఆర్డర్ ఇచ్చిన కోర్టులోనే ఆర్డర్ అమలు చేయించమని ఎగ్జిక్యూషన్ పిటిషన్ వేయాలి, లాయర్లు ఈపీ అంటారు. కావాలని పదేపదే ఉల్లంఘిస్తే ఆస్తి అటాచ్‌మెంట్, సివిల్ జైలు దాకా వెళ్లే దారులు చట్టంలో ఉన్నాయి, కంటెంప్ట్ (కోర్టు ధిక్కారం) కూడా. అన్నిటికంటే ముందు రికార్డ్ కావాలి: ఏ తేదీన వెళ్లారు, ఎంతసేపు నిలబడ్డారు, ఏం మెసేజ్ పెట్టారు, ఏం జవాబొచ్చింది. గేటు దగ్గర అరిచి వీడియో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి, ఆ వీడియో రేపు మీ మీదకే తిరుగుతుంది, పైగా అందులో మీ బిడ్డ ముఖం ఉంటుంది.

ఆయన నెలనెలా డబ్బులు ఇవ్వట్లేదు, ఇచ్చేదాకా పాపని చూపించనని అనొచ్చా?

అనకూడదు. అటు నుంచి "చూపించట్లేదు కాబట్టి డబ్బులివ్వను" అనడం కూడా కుదరదు. రెండూ వేర్వేరు. మెయింటెనెన్స్ పాప తిండికీ చదువుకీ, దాన్ని రాబట్టడానికి వేరే పిటిషన్ ఉంది, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) సెక్షన్ 125, 2024 జులై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్ చట్టంలో సెక్షన్ 144 అయింది. 2020 నుంచి ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పుల అఫిడవిట్ వేయాలని సుప్రీంకోర్టు పెట్టింది, కాబట్టి సాఫ్ట్‌వేర్ జాబ్ వదిలేసినట్టు నాటకం ఆడటం మునుపటంత తేలిక కాదు.

పిల్లే వెళ్లనంటోంది, బలవంతంగా పంపాలా?

ముందు ఎందుకు వెళ్లనంటోందో చూడాలి. అక్కడ ఆడుకోవడానికి ఎవరూ లేరనో, నానమ్మ జడ గట్టిగా వేస్తుందనో, శనివారం డాన్స్ క్లాస్ పోతుందనో అయితే అది సర్దుకునే విషయం, అవతలి వాళ్లకి చెప్పి టైం మార్చుకోండి. భయంతో అంటుంటే, రాత్రుళ్లు పక్క తడుపుతుంటే, ఒంటి మీద ఏదైనా కనిపిస్తే వెంటనే డాక్టర్‌కి చూపించి కోర్టుకి చెప్పండి. మీకు మీరే ఆపేస్తే ఆర్డర్ ఉల్లంఘించినట్టవుతుంది, అందుకే ఆర్డర్ మార్చమని పిటిషన్ వేయడం సేఫ్.

కొట్టేవాడికి, తాగొచ్చేవాడికి కూడా విజిటేషన్ ఇస్తారా?

2005 గృహహింస చట్టం సెక్షన్ 21 కింద మేజిస్ట్రేట్ తాత్కాలిక కస్టడీ తల్లికి ఇవ్వొచ్చు, కలవడం వల్ల బిడ్డకి హాని అనిపిస్తే ఆ కలవడాన్నే నిరాకరించొచ్చు. మధ్యే మార్గంగా కోర్టు ఆవరణలోనో ఇంకొకరి సమక్షంలోనో కలిసేలా కూడా పెడతారు. అత్యవసరం అయితే మహిళలకి 181, పిల్లలకి 1098. ఇక కేసులో పైచేయి కోసం లేనిపోని లైంగిక ఆరోపణలు పెట్టేవాళ్లకి ఒక్క మాట, దాని విచారణలో పదే పదే జవాబు చెప్పాల్సింది మీ బిడ్డే.

నా భార్య అమెరికా నుంచి పిల్లల్ని తీసుకుని హైదరాబాద్ వచ్చేసింది, ఇప్పుడెలా? (ఇదే ప్రశ్న తిరగేసి కూడా వస్తుంది)

పిల్లల్ని దేశాలు దాటించడం మీద 1980 హేగ్ ఒప్పందం ఉంది గానీ ఇండియా అందులో లేదు, కాబట్టి అక్కడి కోర్టు ఆర్డర్ తెచ్చి చూపిస్తే ఇక్కడ దానంతటది అమలు కాదు. 2017లో సుప్రీంకోర్టు విదేశీ ఆర్డర్ ఒక అంశం మాత్రమే, పిల్లల సంక్షేమమే ముందు అంది. అలాగని ఇక్కడికొచ్చి కేసు వేసేస్తే అయిపోదు. అమెరికాలో పుట్టి పెరుగుతున్న పిల్లల్ని తీసుకొచ్చి తల్లి హైదరాబాద్ ఫ్యామిలీ కోర్టులో కస్టడీ వేసిన ఒక కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, పిల్లలు మామూలుగా ఉండేది ఇక్కడ కాదు, ఈ కోర్టుకి ఆ అధికారం లేదని 2019లో తేల్చి, వాళ్లని తిరిగి పంపించింది. ఇలాంటివాటిలో తండ్రి తరఫున హైకోర్టులో హెబియస్ కార్పస్ (బిడ్డని కోర్టు ముందు హాజరుపరచమని అడిగే పిటిషన్) కూడా వేస్తుంటారు. ఎంత త్వరగా కదిలితే అంత మంచిది, పిల్లలు ఇక్కడ స్కూల్లో చేరి రెండేళ్లు గడిచాక లెక్క మారిపోతుంది.

పాస్‌పోర్ట్‌కి ఇద్దరి సంతకాలూ కావాలా?

మామూలుగా అయితే ఇద్దరూ అనెక్షర్ డీ అనే డిక్లరేషన్ ఫారం ఇస్తారు. ఒకరి సంతకం దొరకకపోతే కారణాలు చెబుతూ అనెక్షర్ సీ ఇవ్వాలి, కేసు పెండింగ్‌లో ఉంటే దాచకండి. మీకు భయం అవతలివాళ్లు పిల్లల్ని దేశం దాటిస్తారని అయితే, కోర్టు అనుమతి లేకుండా తీసుకెళ్లకూడదని, పాస్‌పోర్ట్ కోర్టులో జమ చేయాలని ముందే ఆర్డర్ అడగండి.

పెద్దమనుషుల ముందు స్టాంప్ పేపర్ మీద రాసుకున్నాం, సరిపోతుందా?

ఇద్దరూ మాట మీదుంటే సరిపోతుంది. ఒకరు తప్పితే ఆ కాగితం సాక్ష్యంగా పనికొస్తుందేమో గానీ కోర్టు డిక్రీలా అమలు చేయించలేరు. అవే షరతుల్ని కోర్టులో రాజీగా ఫైల్ చేసి ఆర్డర్ తీసుకోండి. పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకుంటుంటే ఇంకా తేలిక, పై మాదిరి షెడ్యూల్‌ని ఆ పిటిషన్‌లోనే పెట్టేయొచ్చు. "కస్టడీ నీకు, మెయింటెనెన్స్ అడగను" లాంటి బేరాలు రాసుకుంటారు చూడండి, అవి నిలబడవు, బిడ్డకి రావాల్సింది తల్లి వదిలేసుకున్నా బిడ్డ హక్కు పోదు.

ఒకసారి ఆర్డర్ వస్తే ఇక అంతేనా?

కాదు, పరిస్థితులు మారితే మార్చమని అడగొచ్చు, కస్టడీ ఆర్డర్లు శిలాశాసనాలు కావని 1973లోనే సుప్రీంకోర్టు చెప్పింది. బెంగళూరుకి ట్రాన్స్‌ఫర్ అయినా, బాబు పదో తరగతికొచ్చినా షెడ్యూల్ మార్పించుకోవచ్చు. తీర్పే తప్పనిపిస్తే హైకోర్టులో అప్పీల్‌కి 30 రోజులు టైం.

జాయింట్ కస్టడీ ఇస్తున్నారా?

జాయింట్ కస్టడీ అంటే పిల్లల్ని ఇద్దరూ పంచుకుని చూసుకోవడం. లా కమిషన్ 2015లో 257వ రిపోర్టులో సిఫార్సు చేసింది, చట్టంగా రాలేదు. ఇద్దరూ ఒప్పుకుంటే కోర్టులు కాదనవు. ఇద్దరి ఇళ్లూ ఒకే స్కూల్ బస్ రూట్‌లో ఉంటేనే ఇది నడుస్తుందని మా అభిప్రాయం.

తాతయ్య, నానమ్మ, అమ్మమ్మలకి హక్కుంటుందా?

అమ్మానాన్నల్లో ఒకరు చనిపోయినప్పుడు, ఇద్దరూ పట్టించుకోనప్పుడు వాళ్లూ గార్డియన్‌షిప్‌కి పిటిషన్ వేయొచ్చు. మామూలు రోజుల్లో మాత్రం కొడుకు విజిటేషన్ టైంలోనే మనవడిని చూసుకోవడం.

లాయర్‌ని పెట్టుకునే స్తోమత లేదు.

ఆడవాళ్లకీ పిల్లలకీ ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత లాయర్ హక్కుగా వస్తుంది, 1987 లీగల్ సర్వీసెస్ అథారిటీస్ యాక్ట్ సెక్షన్ 12. మగవాళ్లకి మామూలుగా ఆదాయ పరిమితి ఉంటుంది. 15100కి ఫోన్ చేయొచ్చు, లేదా పురానీ హవేలీలోనే ఉన్న సిటీ సివిల్ కోర్ట్ లీగల్ సర్వీసెస్ అథారిటీలో అప్లికేషన్ ఇవ్వొచ్చు, ఆధార్, పెళ్లి ఫోటోనో సర్టిఫికెట్టో, పిల్లల బర్త్ సర్టిఫికెట్ జిరాక్స్‌లు పట్టుకెళ్లండి. కేసు పడ్డాక సీఎన్ఆర్ నంబర్ (ఒక్కో కేసుకి ఇచ్చే గుర్తింపు నంబర్) అడిగి రాసుకోండి, 16 అక్షరాలు, అంకెలు కలిపి ఉంటుంది, ఈకోర్ట్స్ యాప్‌లో అది కొడితే తర్వాతి వాయిదా ఎప్పుడో, పోయినసారి ఏం జరిగిందో మీ ఫోన్‌లోనే కనిపిస్తుంది, ప్రతిదానికీ లాయర్ గుమస్తాకి ఫోన్ చేయక్కర్లేదు.